అమ్మ చెక్కిన ఎర్రపువ్వు

పోయిన వారం పెద్దమ్మాయిని మేడమెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. ఇంకా అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. ఆరేళ్ల కిందట భార్యని పోగొట్టుకున్న నాన్న, వీధి చివర కళ్లజోళ్ల షాపులో అద్దాలు సానపట్టే ఆవిడని పెళ్లి చేసుకుంటానన్నాడు. పెద్దమ్మాయి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నోరు విప్పి ఒకే ఒక్క షరతు పెట్టింది. "నీ ఇష్టం నాన్నా, నువ్వు ఎవరినైనా చేసుకో. మా అమ్మని మాత్రం మధ్యలోకి లాగొద్దు." నాన్న తల ఊపాడు. పెళ్లంటే పెద్ద హడావుడేం లేదు, రేపు పొద్దున్న రిజిస్ట్రారాఫీసులో రెండు సంతకాలు, కావలసినవాళ్లకి కబురుగా తలా ఒక గ్రీటింగ్ కార్డు, అంతేనన్నాడు. ఇవాళ పిల్లలకి రబ్బరు అచ్చులు కోయడం నేర్పే తన క్లాసుకి సెలవు కదా, మరిచిపోయిన కత్తెర పట్టుకుపోదామని ఆమె పుట్టింటికి వచ్చింది. మెట్లు సగం ఎక్కేసరికి పైగదిలోంచి చప్పుడు వినబడింది. టప్. కాస్త ఆగి మళ్లీ టప్.

అదేం చప్పుడో ఆమెకి ఇంకొకళ్లు చెప్పక్కర్లేదు. రబ్బరు అచ్చుకి రంగు పట్టించి, కాగితం మీద బోర్లించి, అరచేత్తో అదిమే చప్పుడు. ఆ గదిలో అచ్చులున్నది ఒక్కచోటే, తన బీరువాలో. ఆ బీరువాలో ఉన్నవి అమ్మ అచ్చులు. మిగతా మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

గదిలో బల్లపరుపుగా ఉన్న ప్రతి వస్తువు మీదా కార్డులే. ఇస్త్రీ బల్ల మీద, కిటికీ గట్టు మీద, మడతమంచం మీద, ఆఖరికి కుట్టుమిషను మూత మీద కూడా తడి ఆరడానికి పరిచి ఉన్నాయి. ప్రతి కార్డు మీదా ఆకుపచ్చ కొమ్మ ఒకటి, ఎడమ మూల నుంచి పైకి వంగి ఉంది. కొన్నింటి మీద ఆ కొమ్మకి ఎర్రపువ్వులు కూడా పడ్డాయి. మధ్యలో చిన్నది, అంటే చెల్లెలు, జుట్టుని పెన్సిలుతో ముడేసుకుని, మోచేతుల దాకా రంగు పూసుకుని కూర్చుంది. ఎర్ర ఇంకు ప్యాడ్‌ని అచ్చు మీద మెల్లగా తడుతోంది. అచ్చుని ప్యాడ్ మీద గుద్దకూడదు, ప్యాడ్‌నే అచ్చు మీద తట్టాలి, లేకపోతే గాడుల్లోకి రంగు దిగి గీతలు అలుక్కుపోతాయని నేర్పింది అమ్మే. పని శుభ్రంగా చేస్తోంది దొంగమొహంది. అదే ఇంకా మండించింది పెద్దమ్మాయిని.

"ఏం చేస్తున్నావే?"

చిన్నది తలెత్తింది. దొరికిపోయిన మొహమే గానీ బెదిరిన మొహం కాదు. "కనబడటం లేదా? కార్డులు చేస్తున్నాను."

"ఎవరికి?"

"నాన్నకి. అరవై రెండు కావాలి. కొమ్మలు నిన్నే కొట్టేశాను, పువ్వులు పంతొమ్మిదింటికి అయ్యాయి. నాలుగు గంటలకి పోస్టు డబ్బా తీస్తారు, ఈలోపు అవ్వాలి. నువ్వు కూర్చుంటే కూర్చో, లేదంటే వెలుగుకి అడ్డం తప్పుకో."

"నా బీరువా తాళం నీకెవరిచ్చారు?"

"తాళం నీ టేబులు సొరుగులోనే కదే ఉంటుంది. దాని కోసం గోడలు దూకాలా?"

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అచ్చంగా అదే జరిగింది. అసలు ఆ ఎర్రపువ్వు అచ్చుని పెద్దమ్మాయి తన సొంత కార్డులకే వాడదు. ఆరేళ్లలో రెండుసార్లు బయటికి తీసిందేమో, అదీ క్లాసులో పిల్లలకి చూపించడానికి. చూశారా, ఇదీ మా అమ్మ కోత, ఈ రేకు అంచు చూడండి, వెంట్రుకంత సన్నం, అని చెప్పి మళ్లీ మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టేసింది. అలాంటిదాన్ని పట్టుకొచ్చి, అమ్మ స్థానంలో కూర్చోబోయే మనిషి పెళ్లికార్డు మీద టపటపా గుద్దుతున్నారు. మీరే చెప్పండి, ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

"అమ్మ చేత్తో చెక్కిన పువ్వు ఆవిడ పెళ్లికా?" అంది. గొంతు ఇంకా లేవలేదు, అదే భయం. "నేను నాన్నని అడిగింది ఒక్కటే ఒక్కటి. ఒక్కటి! అది కూడా నిలబెట్టుకోలేకపోయారా మీరంతా కలిసి?"

"అక్కా, కాస్త నిమ్మళంగా విను..."

"నిమ్మళమా? నా వెనకాల నా బీరువా తీసి, నా వస్తువు దొంగిలించి, నాకు నిమ్మళం నేర్పుతావా?"

"నీ వస్తువేంటే? అమ్మ నీకొక్కదానికే అమ్మా?"

"కత్తి పట్టింది నేనొక్కదాన్నే! నువ్వు రెండు రోజులు కూర్చుని వేలు కోసుకుని లేచిపోయావు. నేను చెయ్యి విరగ్గొట్టుకుని నేర్చుకున్నాను. ఇవాళ బజారులో ఎవరిని అడిగినా చెప్తారు, అమ్మ చెయ్యి ఎవరికి వచ్చిందో!"

"అదేనక్కా నేను చెప్పేది," అని చిన్నది ఏదో అనబోయింది. అనబోయి నాలుక కరుచుకుంది. అప్పుడే అనేసి ఉంటే ఇంత జరిగేది కాదు. పెద్దమ్మాయి ఆగలేదు. చెల్లెలి చేతిలోంచి అచ్చు లాగేసుకుంది. తడి రంగు అరచెయ్యంతా అంటుకుంది. బల్ల మీద రబ్బరు కోసే కత్తి ఉంది, తనదే, పోయిన వారమే కొత్త బ్లేడు వేసింది.

"ఇది ఆవిడ కార్డు మీద ఇంకొక్కసారి పడిందంటే అడుగు," అంది.

"వద్దే! అక్కా, కొయ్యొద్దు!"

కోసేసింది. పువ్వుకి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకి, ఒక్క ఊపు. కొత్త బ్లేడు కదా, వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. రెండు ముక్కలు బల్ల మీద పడ్డాయి.

చిన్నది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పెదాల మీద ఎర్ర రంగు అంటుకున్నా చూసుకోలేదు. "అది అమ్మది కాదే," అంది ఏడుస్తూ. "ఎంత పని చేశావే! అది అమ్మ కోసింది కాదు. ఆవిడ కోసింది!"

పెద్దమ్మాయి నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? "కళ్లజోళ్లావిడా? ఇంకా నయం, బీరువా కూడా ఆవిడే చేసిందనలేదు."

"ఆ ముక్క తిప్పి చూడు. నువ్వే కదా పదిమందికి పాఠాలు చెప్తావు. గాడి ఎటు వాలిందో చూడు."

చూడక్కర్లేదు. ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు. రబ్బరు కోసేటప్పుడు కత్తిని నిలువుగా దించరు, కొంచెం వాల్చి కోస్తారు, గీత కింద మొదలు మందంగా ఉండి విరిగిపోకుండా. కుడిచేతి మనిషి కోస్తే ఆ వాలు కుడివైపుకి పడుతుంది. అమ్మ పాత అచ్చులన్నీ అలాంటివే. ఆఖరి రెండేళ్లలో చేసినవి మాత్రం తిరగబడి ఉంటాయి, ఎడమవైపుకి. అవే అమ్మ చేసినవాటిల్లో మేలైనవి. అది అమ్మ కనిపెట్టిన కొత్త పద్ధతి అని పెద్దమ్మాయి నమ్మింది. నమ్మి, ఆ వాలు తెప్పించుకోవడం కోసం కుడి మణికట్టుని లోపలికి మెలిపెట్టి, మోచెయ్యి గాల్లోకి లేపి, ఎవరికీ అలవికాని భంగిమలో కోయడం నేర్చుకుంది. డాక్టరు పట్టీ వేసి ఆర్నెల్లు కత్తి ముట్టుకోవద్దంటే ఆరు రోజులు కూడా ఆగలేదు. అమ్మ దగ్గర్నుంచి వచ్చింది కదా, నొప్పి ఉంటే మాత్రం ఏమిటి అనుకుంది.

"ఆవిడది ఎడమచేతి వాటం అక్కా," అంది చిన్నది.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. నాన్న వచ్చాడు. ఒక చేతిలో కవర్ల కట్ట, ఇంకో చేతిలో జిగురు సీసా. గుమ్మంలో నిలబడి ఒక కూతుర్ని చూశాడు, ఇంకో కూతుర్ని చూశాడు, బల్ల మీద రెండు ముక్కల్ని చూశాడు. కవర్లు కింద పెట్టాడు.

"చెప్పేశావా?" అన్నాడు చిన్నదానితో.

అంటే నిజమే. ఆ మాట విన్నా పెద్దమ్మాయి కూర్చోలేదు. కూర్చుంటే ఓడిపోయినట్టనిపించింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"మీ అమ్మకి చేతులు వణకడం మొదలైందమ్మా. చూపు తేడా చేసిందేమో అనుకుని కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్లింది. చూపు బాగానే ఉంది, చెయ్యే నిలవడం లేదని ఆ షాపులో ఆవిడే కనిపెట్టింది. మీ అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చిందట. ఆ తర్వాత మధ్యాహ్నాలు షాపు మూసి ఉన్నప్పుడు మీ అమ్మ అక్కడికి వెళ్లేది. మీ అమ్మ బొమ్మ గీసేది, ఆ షాపావిడ కోసేది."

"మధ్యాహ్నాలు నేను కాలేజీకి పోయేదాన్ని."

"ఊఁ."

"నేను లేనప్పుడు చూసి వెళ్లేదన్నమాట. మీరందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట."

"నీకు అప్పుడే కత్తి చేతికిచ్చింది. నువ్వు పగలూ రాత్రీ దాని మీదే కూర్చునేదానివి. అమ్మ చెయ్యి పోయిందని తెలిస్తే నువ్వు భయపడి కత్తి వదిలేస్తావని చెప్పొద్దంది. మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది."

"చచ్చిపోయాక కూడానా నాన్నా? ఆరేళ్లు! ఆరేళ్లు నేను ఇది మా అమ్మ కోత, ఇది మా అమ్మ కోత అని ఊరంతా చాటుకుంటుంటే పక్కన కూర్చుని విన్నావు. ఈ చేతికి పట్టీ వేయించడానికి ఆసుపత్రికి నన్ను తీసుకెళ్లింది నువ్వే! ఎందుకు నొప్పి వస్తోందో నీకు తెలుసు. తెలిసి, మందు రాయమ్మా, వేన్నీళ్లు కాపమ్మా అన్నావు!"

నాన్న జిగురు సీసా మూత బిగించాడు. ఆయన మంచివాడే, కాదనను, కానీ మాట్లాడాల్సిన చోట కుక్కిన పేనులా పడి ఉండే మంచితనం ఎవరికి కావాలి? "నీకు ఆ వాలు ఆవిడ దగ్గర్నుంచి వచ్చిందని నాకు తెలీదమ్మా," అన్నాడు చివరికి. "నాకు కోతల సంగతి ఏం తెలుసు? మీ అమ్మలాగే కోస్తున్నావనుకున్నాను."

పెద్దమ్మాయికి నాన్న మీద కోపం, చెల్లెలి మీద కోపం, ఆ ఆవిడ మీద సరేసరి. అన్నింటికన్నా ఎక్కువ కోపం అమ్మ మీద వచ్చింది. అది ఆమెని భయపెట్టింది. బతికున్న మనుషుల మీద కోపం వస్తే తిట్టొచ్చు, తలుపులు ధడేల్మని వేయొచ్చు, మాట మానెయ్యొచ్చు. పోయిన మనిషిని ఏం చేస్తాం?

"రమ్మను ఆవిడని," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడికి. నా ఎదురుగా."

కళ్లజోళ్లావిడ పావుగంటలో వచ్చింది. షాపు ఏప్రను కూడా విప్పలేదు, అంచుల్లో తెల్లటి అద్దాల పొడి అంటుకుని ఉంది. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, తన కళ్లజోడు తనే ముక్కు మీద సర్దుకుంటూ మెట్లెక్కింది. సర్దుకున్నది ఎడమచేత్తోనే. కోసిన అచ్చు చూసి గుమ్మంలోనే ఆగింది గానీ అయ్యో అనలేదు. అని ఉంటే పెద్దమ్మాయి ఏం చేసి ఉండేదో!

"కూర్చోమనను," అంది పెద్దమ్మాయి. "ఒక పని ఉంది. అది అయ్యాక వెళ్లిపోవచ్చు."

బీరువాలోంచి పెట్టె తీసి, గుడ్డలు విప్పి, అచ్చులన్నీ బల్ల మీద కుమ్మరించింది. ఎన్నడూ ఒకదానికొకటి తగలనివ్వనిది, ఇవాళ గులకరాళ్లలా పోసేసింది. "మీవెన్నో, మా అమ్మవెన్నో తేలిపోవాలి."

"వద్దమ్మా," అంది ఆవిడ. "బొమ్మలన్నీ మీ అమ్మగారివే. నేను కోశానంతే. ఆవిడ పక్కనే కూర్చుని ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఆగాలో చెప్పేవారు."

"మిమ్మల్ని అభిప్రాయం అడగలేదు. చూస్తూ నిలబడండి. నేనేదైనా తప్పు పెడితే చెప్పండి."

ఒక్కొక్క అచ్చూ తీసి కిటికీ వెలుగులో వాల్చి చూసింది. ఎడమ వాలు, ఇటు. ఇది కూడా ఇటే. ఇది కుడి, అటు. మళ్లీ ఎడమ. మళ్లీ ఎడమ. కింద వీధిలో ఎవరో సైకిలు గంట ఆపకుండా కొడుతున్నారు. క్లాసులో చూపించి గొప్పలు చెప్పుకున్న నావ ఎడమ. మొట్టమొదట అమ్మదనుకుని నకలు తీసి, రాక, ఏడ్చి, మళ్లీ తీసిన తుమ్మెద కూడా ఎడమే. అటుపక్క అమ్మవి ఏడు పోగయ్యాయి, కాస్త మొరటు గీతలు, రెండు మూడు చోట్ల తెగిన అంచులు. ఇటుపక్క ఆవిడవి ఇరవై ఆరు. పెద్దమ్మాయి లెక్క చూసి పళ్లు కొరికింది.

"ఈ ఇరవై ఆరింటికీ దండం పెట్టి, ఇన్నాళ్లూ మీకే పెట్టానన్నమాట," అంది. "ఆరేళ్లుగా నేను మీ శిష్యురాలినన్నమాట. గురుదక్షిణ ఏమైనా కావాలా? నాన్నని ఎలాగూ తీసుకుంటున్నారు."

"అక్కా!" అంది చిన్నది.

"నువ్వు నోర్ముయ్."

కళ్లజోళ్లావిడ మొహం కందింది. అయినా గొంతు పెంచలేదు. "మీరు తిట్టండి, పడతాను. మీకు చెప్పాల్సిందని నాకూ అనిపించేది. బజారులో మీ కార్డుల స్టాలు ముందు రెండుసార్లు ఆగాను. మీరు చెయ్యి మెలిపెట్టి కోస్తుంటే చూశాను. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. అది నా తప్పే. కానీ ఒక్కటి మిగిలిపోయిందమ్మా, అది కూడా చూడండి."

నిజమే, బల్ల అంచున ఒకటి మిగిలింది. అగ్గిపెట్టెలో పట్టేంత చిన్న గొడుగు బొమ్మ. పెద్దమ్మాయి వెలుగులో పెట్టింది. వాలు కుడివైపే, కానీ అమ్మది కాదు, అమ్మ ఇంత లోతు కోయదు. ఈ గీతలు ఎక్కడా తడబడలేదు. పిడి నుంచి కొస దాకా ఒకే లాగుడు, వంకర పోయిన చోట కూడా దిద్దకుండా వదిలేసిన గీత. కోసిన మనిషి ఎవరో గానీ మహా పొగరుబోతు అనిపించింది.

"ఇది మీది కాదు," అంది.

"కాదు."

"అమ్మదీ కాదు."

"కాదమ్మా."

"మరి ఎవరిది? ఇంకెవరున్నారు మీ గూడుపుఠాణీలో?"

కళ్లజోళ్లావిడ ఆమె మొహంలోకి చూసింది. "మీకు నిజంగా గుర్తు లేదా?" అంది. "అది మీరు కోసిందేనమ్మా. కత్తి చేతికిచ్చిన మొదటి వారంలో. నేను కోయడానికి కూర్చున్న ప్రతిసారీ మీ అమ్మగారు దీన్ని తెచ్చి నా ముందు పెట్టేవారు. 'చెయ్యి ఇలా పోవాలి, మా పెద్దదానిలాగ' అనేవారు. రెండేళ్లు ప్రయత్నించాను. నాకు రాలేదు."

గొడుగు పెద్దమ్మాయి అరచేతిలో ఉంది. ఎంత చూసినా తను కోసినట్టు గుర్తు రావడం లేదు. తన చెయ్యి తనే గుర్తుపట్టలేకపోయిందని, దాన్ని విరగ్గొట్టి పారేసి ఇంకొకరి చెయ్యి తగిలించుకుందని, అదీ ఎవరూ అడగకుండానే చేసిందని అర్థమయ్యేసరికి ఏడుపు వచ్చింది. ఈ ముగ్గురి ముందూ ఏడవడం కన్నా చావడం నయం. ముక్కు ఎగపీల్చి, గొడుగుని బల్ల మీద పెట్టింది.

"టైమెంత?"

"రెండున్నర," అన్నాడు నాన్న.

"కొత్త రబ్బరు దిమ్మ ఎక్కడుంది?"

చిన్నది పరుగున తెచ్చి ఇచ్చింది. నాన్న మొహంలో ఎక్కడో చిన్న ఆశ కదిలింది, ఆ మనిషికి అదొక్కటే తెలుసు. "పువ్వు నువ్వు కోస్తావామ్మా?" అన్నాడు.

"కోస్తానో, మిగతా నలభై మూడు కార్డులూ చింపి కిటికీలోంచి పారేస్తానో నాకే తెలీదు. నన్నేమీ అడగొద్దు. బయటికి నడవండి. అందరూ."

కళ్లజోళ్లావిడ ముందుగా కదిలింది. గుమ్మం దగ్గర ఆగి, "పువ్వు లేకపోయినా పంపిస్తాం. మీకిష్టం లేనిది మా కార్డు మీద వద్దు," అంది.

"అది కూడా మీరే చెప్తారా నాకు?" అని పెద్దమ్మాయి తలుపు వేసి గడియ పెట్టింది.

బల్ల ముందు కూర్చుంది. దిమ్మ మీద పెన్సిలుతో పువ్వు గీసింది, ఐదు రేకులు, అమ్మ గీసినట్టు కాదు, తనకి తోచినట్టు. కత్తి తీసుకుంది. దించబోయేసరికి మణికట్టు దానంతటదే లోపలికి మెలిపడింది. ఛీ అని చెయ్యి వెనక్కి లాక్కుంది. విదిలించి మళ్లీ పెట్టింది. మళ్లీ మెలిపడింది, మోచెయ్యి గాల్లోకి లేచింది. తలుపవతల మెట్లు దిగిన చప్పుడు లేదు, ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. మూడోసారి ఎడమచేత్తో తన కుడి మణికట్టుని కదలకుండా గట్టిగా పట్టుకుంది. పట్టుకుని, రబ్బరు మీద కత్తి మొన దించింది.